అమ్మమ్మ మాత్ర – పసిపాప మెదడు

మా పత్రికకు వచ్చే ఉత్తరాలలో పెళ్ళి సంబంధాలకూ, పిండివంటలకూ, ఊళ్ళో జరిగిన హరికథలకూ సంబంధించినవే ఎక్కువ. మొన్న అంబత్తూరు నుండి మన సంఘ సభ్యురాలైన ఒక పెద్దమ్మగారు పంపిన కార్డు ఆ కోవకు చెందినది కాదు. దానిలో సంగతి యిది: "మా చెల్లెలి మనుమరాలికి మూడవ నెల. షుగరు వున్నదన్నారు. రెండుమార్లు ఫిట్సు కూడా వచ్చినవి. ఇన్సులిన్ సూదులు వేస్తున్నారు. ఇప్పుడేమో డాక్టరుగారు, రక్తపరీక్షలో ఫలానాది తేలితే సూది మాని నేను వేసుకునే మాత్రవంటిదే పాపకు ఇవ్వవచ్చును, అది మెదడుకు కూడా మేలు చేయవచ్చును అన్నారట. డెబ్బదేండ్లదాని మాత్ర పసిగుడ్డుకా? షుగరు మాత్రకూ మెదడుకూ ఏమి పొత్తు? తెలిసినవారిని అడిగి వ్రాయండి."

మేము వైద్యులము కాము. ఐనను కార్డు చదివి ఊరకుండలేక ఒక ఆదివారం అంబత్తూరు వెళ్ళి ఆమెను చూచి వచ్చాము. 1960లలో పారిశ్రామిక ఎస్టేటు వెలసిన రోజులలో లేతు పనికీ, ఫౌండ్రీ పనికీ వచ్చి స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో వారిదొకటి. ఆమె మాకు కాఫీ యిచ్చి, దేవుని గూటి పక్కనున్న మాత్రల డబ్బా తెచ్చి ముందు పెట్టారు. అందులోని చిన్న తెల్ల మాత్ర గ్లిబెన్‌క్లమైడ్. మన పెద్దలలో చాలమందికి "డయోనిల్" అంటేనే తెలుస్తుంది. ఈ రోజులలో ఎక్కువగా వ్రాసే గ్లిమెపిరైడ్ కూడా దీని సంతతిదే. ఈ వంశమంతటికీ సల్ఫోనైల్ యూరియా మందులని పేరు.

ఈ వంశం పుట్టుక చిత్రమైనది. 1942లో ఫ్రాన్సు దేశంలోని మోంపెల్యే పట్టణంలో జాన్‌బోన్ అనే వైద్యుడు సన్నిపాత జ్వర రోగులకు ఒక కొత్త సల్ఫా మందు ఇచ్చి చూచాడు. జ్వరం సంగతి అటుంచి, కొందరు రోగులకు రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్సు వచ్చినవి. ఆయన సహచరుడు లూబాతియేర్ ఆ ప్రమాదాన్ని విడువకుండా పరిశీలించి, ఈ జాతి మందు క్లోమగ్రంథిని కదిలించి ఇన్సులిన్‌ను బయటికి రప్పిస్తున్నదని కనిపెట్టాడు. 1950ల నడుమ నుండి మధుమేహానికి మాత్రలు బజారుకు వచ్చినవి. అవి పనిచేస్తున్నవని అందరికీ తెలుసు. ఎక్కడ, ఏ మీటను నొక్కి పనిచేస్తున్నవో మాత్రం మరి మూడు దశాబ్దాల దాకా ఎవ్వరికీ తెలియదు. తెలియకుండానే కోట్ల మాత్రలు మింగినాము!

ఆ మీట పేరు పొటాషియం చానెల్. మన ఊరి మాటలో చెప్పాలంటే తూము. అంబత్తూరు చెరువు చూచినవారికి తూమంటే వేరే చెప్పనక్కరలేదు. చెరువుకు కట్ట ఉన్నట్లే జీవకణానికి చుట్టూ పలుచని పొర ఉంటుంది. ఆ పొరలో అక్కడక్కడ సన్నని తూములు ఉంటవి. వాటిలో కొన్ని పొటాషియంను మాత్రమే పోనిస్తవి, సోడియం వచ్చినా తిప్పిపంపుతవి. కణం లోపల పొటాషియం వెలుపల కంటె 30 రెట్లకు పైగా ఎక్కువ. కాబట్టి తూము తెరిస్తే అది బయటికే పోతుంది. పోతూ పోతూ తనతోబాటు ధన విద్యుత్తును మోసుకుపోతుంది. అందువల్ల కణం లోపలి భాగం వెలుపలి కంటె సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువలో నిలుస్తుంది. అదే నాడీకణానికి విశ్రాంతి. ఆ తేడా తగ్గితే కణం ఉద్రేకపడి సంకేతం పంపుతుంది, మరింత పెరిగితే మొద్దుబారుతుంది. నాడిలో ఈ విద్యుత్తు నడిచే తీరును 1952లో ఇంగ్లండులో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే యిద్దరు స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నాడి మీద పరీక్షించి లెక్కగట్టారు. 1963లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఇటువంటి తూము ఆకారం ఎట్లుంటుందో 1998లో మెకినన్ అనే అమెరికన్ చూపించి 2003లో అదే బహుమతి అందుకున్నాడు. మన శరీరంలో పొటాషియం తూములను తయారుచేసే జన్యువులే సుమారు 80 ఉన్నవంటే, ప్రకృతి ఈ పనికి ఎంత పెద్దపీట వేసిందో చూడండి.

ఇప్పుడు పెద్దమ్మగారి మాత్ర సంగతి. క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాలకు ఒక ప్రత్యేకమైన తూము ఉన్నది. కణంలో శక్తి ఎంత ఉన్నదో చూచి మూసుకోవడమో, తెరుచుకోవడమో దాని పని. మనం అన్నం తిన్నాము. రక్తంలో చక్కెర పెరిగింది. కణం దానిని దహించి ఏ.టి.పి. అనే శక్తిద్రవ్యం చేసుకున్నది. ఆ ఏ.టి.పి. వచ్చి తూముకు అడ్డం పడుతుంది. పొటాషియం బయటికి పోవడం ఆగింది. కణంలో విద్యుత్ మట్టం లేచింది. వెంటనే కాల్షియంకు వేరే తలుపు తెరుచుకొని, దాచుకొన్న ఇన్సులిన్ రక్తంలోకి విడుదల అవుతుంది. ఈ జాతి తూమును 1983లో జపాన్ దేశపు నోమా గుండెకండరంలో మొదట చూచాడు. మరుసటి సంవత్సరం ఆక్స్‌ఫర్డులో ఫ్రాన్సెస్ ఆష్‌క్రాఫ్ట్ అనే విదుషీమణి క్లోమంలో చూచింది. 1985లో తేలినది ఏమంటే, మన పెద్దలు 30 ఏండ్లుగా మింగుతున్న మాత్ర సరిగా ఈ తూమునే మూస్తున్నదని.

ఇంతవరకు క్లోమం కథ. ఐతే ఇదే తూము మెదడు కణాలలోనూ ఉన్నది. పెద్దమ్మగారి ప్రశ్నకు జవాబు అక్కడే ఉన్నది.

ఆరోగ్యంగా ఉన్న మెదడులో ఈ తూములు చాలవరకు మూసే ఉంటవి. ప్రాణవాయువో, చక్కెరో తగ్గి కణం శక్తి క్షీణించినప్పుడు తెరుచుకొని, "ఇప్పుడు పని వద్దు, ఊరకుండు" అని కణాన్ని నిద్రపుచ్చుతవి. ఇది రక్షణ. కాని కొందరు పసివాళ్ళలో ఈ తూమును చేసే జన్యువు, దాని పేరు కె.సి.ఎన్.జె. 11, ఒక్క అక్షరం తప్పి పుడుతుంది. అప్పుడు ఏ.టి.పి. ఎంత ఉన్నా తూము మూతపడదు. క్లోమకణం ఎప్పుడూ విశ్రాంతిలోనే ఉండి ఇన్సులిన్ వదలదు. బిడ్డకు పుట్టిన కొన్ని వారాలకే మధుమేహం వస్తుంది. తప్పు తీవ్రమైనదైతే మెదడు కణాలు కూడా మొద్దుబారుతవి. మెడ నిలవదు, కూర్చోవడం, మాట రావడం ఆలస్యమవుతవి. కాళ్ళూ చేతులూ మెత్తగా వేలాడుతవి. ఈ మెత్తదనం కండరాల లోపం కాదని, నాడీకణాలదేనని 2010లో ఆక్స్‌ఫర్డువారు ఎలుకల మీద నిరూపించారు.

కణాలు మొద్దుబారితే మూర్ఛ ఎందుకు రావాలని ఎవరికైనా సందేహం కలుగుతుంది. మాకూ కలిగింది. మెదడులో కణాలన్నీ ఒకే పని చేయవు. కొన్ని ఉసిగొల్పేవి, కొన్ని అదుపు చేసేవి. బడిలో పిల్లలంతా కాక, ఉపాధ్యాయుడు ఒక్కడే కునికితే ఏమవుతుందో అందరమూ ఎరుగుదుము. అదుపు చేసే కణాలు మొద్దుబారి ఊరకుంటే మిగిలినవి కట్టుతప్పి ఒక్కసారిగా చెలరేగుతవి. అదే మూర్ఛ అని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఎదుగుదలలో వెనుకబాటు, మూర్ఛ, పురిటి మధుమేహం ఈ మూడూ కూడిన వ్యాధిని వాటి ఇంగ్లీషు తొలి అక్షరాలతో "డెండ్" అంటున్నారు.

ఈ జన్యువు తప్పును 2004లో ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణపు హ్యాటర్‌స్లీ బృందం పట్టుకున్నది. తూము మూతపడకపోవడమే జబ్బు ఐతే, మూసే మాత్ర మన చేతిలో ఉన్నది కదా అని వారు ఆలోచించారు. ఏ.టి.పి. ఒక పక్క నుండి మూస్తే ఈ మాత్ర వేరొక పక్క నుండి మూస్తుంది. 2006లో వారు ప్రకటించిన పరిశీలనలో అటువంటి 49 మంది రోగులలో 44 మంది ఇన్సులిన్ సూది పూర్తిగా మాని మాత్రలతోనే నిలిచారు. వారిలో కొందరు పుట్టినది మొదలు రోజూ సూది తప్ప వేరు ఎరుగనివారు. 2018లో పదేండ్ల ఫలితాలు వచ్చినవి. 81 మందిలో 75 మంది అప్పటికీ మాత్రల మీదనే ఉన్నారు. మెదడు లోపం ఉన్నవారిలో సుమారు సగం మందికి నడకలోనో, మాటలోనో, చురుకుదనంలోనో మెరుగు కనిపించింది. సగం మందికే! దీనికి కారణం ఉన్నది. మెదడుకు రక్తం నుండి కనిపించని కావలి ఒకటి ఉన్నది. ఈ మందును అది అంతగా లోపలికి రానివ్వదు, వచ్చినదానిని కూడా బయటికి నెడుతుంది. అందుకే ఈ పిల్లలకు బరువు లెక్కన చూస్తే పెద్దలకన్న ఎక్కువ మోతాదు ఇస్తారు. ఎంత చిన్నతనంలో మొదలుపెడితే మెదడుకు అంత లాభమని వైద్యుల అనుభవం. ఎదిగే మెదడు మన వీలు కోసం వేచి ఉండదు కదా.

ఇంత విన్నాక పెద్దమ్మగారు మంచి ప్రశ్న వేశారు. "ఐతే నాయనా, మూర్ఛ ఉన్నవాళ్ళందరికీ ఈ తూములు మూస్తే సరిపోదా?" సరిపోదు సరికదా, వ్యవహారం తలక్రిందులవుతుంది. పైన చెప్పినది ఒకానొక తూము, ఒకానొక లోపం. మామూలు నాడీకణానికి పొటాషియం తూములే బ్రేకులు. వాటిని మూసే మందులు కణాన్ని రెచ్చగొడతవి. 4-అమైనోపిరిడిన్ అనేది అటువంటిది. మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే జబ్బులో నాడుల పైతొడుగు ఊడిపోయి, బయటపడిన తూముల గుండా విద్యుత్తు కారిపోయి సంకేతం దారిలోనే ఆరిపోతుంది. ఈ మందు ఆ తూములు మూసి సంకేతాన్ని ముందుకు పంపిస్తుంది. కొందరి నడక బాగుపడుతుంది. 2010లో అమెరికాలో దీనిని అనుమతించారు. కాని మోతాదు మించితే ఫిట్సు వస్తవి. ఒకసారి ఫిట్సు వచ్చినవారికి అసలే ఇవ్వరు. మన చేలగట్లలో తిరిగే ఎర్రతేలు విషంలో కూడా పొటాషియం తూములు మూసే పదార్థాలున్నవి. 1990లో వేరుచేసిన ఐబెరియోటాక్సిన్ ఆ తేలుదే. ఆ తేలు శాస్త్రీయ నామం "తములస్", తమిళదేశాన్ని తలపించే పేరు! పరిశోధనశాలలలో మెదడు కణం బ్రేకులు ఎట్లు పనిచేస్తవో తెలుసుకొనడానికి దేశదేశాలవారు ఆ విషపు కణికను వాడుకుంటున్నారు.

మరి మూర్ఛకు కావలసినది తూము తెరిచే మందు. రెటిగబిన్ అనే దానిని అందుకోసమే చేశారు. అది మెదడు కణాల్లో వేరొక జాతి పొటాషియం తూమును తెరిచి ఉద్రేకాన్ని చల్లార్చేది. 2011లో అనుమతి పొందింది. 2013 నాటికి, ఎక్కువ కాలం వాడినవారికి పెదవులూ గోళ్ళూ చర్మమూ నీలివన్నెకు తిరగడం, కంటిపొరలో రంగు చేరడం బయటపడ్డవి. అటువంటి తూములే మూత్రాశయంలో కూడా ఉన్నవి గనుక కొందరికి మూత్రం కట్టేది. 2017లో కంపెనీ దానిని ఉపసంహరించుకున్నది. అదే తూమును తెరుస్తూ ఈ దోషాలు లేని మందు కోసం ఇంకా పరీక్షలు సాగుతున్నవి. మాకు తోచినది చెబుతున్నాము: మెదడు కోసం చేసిన మందుకు తక్కిన అవయవాల చిరునామా కూడా తెలియడమే ఈ తూములతో వచ్చిన పెద్ద చిక్కు. షుగరు మాత్ర విషయంలో మాత్రం ఆ చిక్కే వరమయింది.

ఇక మన పట్టణం మాట. మధుమేహ వైద్యంలో చెన్నపట్టణానికి పాత పేరే ఉన్నది. 1948లోనే స్టాన్లీ ఆసుపత్రిలో ప్రొఫెసరు ఎం. విశ్వనాథన్ గారు మధుమేహానికి ప్రత్యేక వైద్యశాఖ తెరిచారు. వారి కుమారులు డాక్టర్ వి. మోహన్ గారి మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో డాక్టర్ రాధా వెంకటేశన్ గారు మొదలైనవారు పసిపిల్లల మధుమేహం వెనుక జన్యువులను వెదకుతున్నారు. 2013లో వారు భారతదేశపు పిల్లల మీద పరిశోధన పత్రం ప్రచురించారు. తూము జన్యువులో తప్పున్న పిల్లలను ఇన్సులిన్ నుండి మాత్రకు మార్చిన అనుభవం వారికున్నది. అంటే పెద్దమ్మగారి చెల్లెలి మనుమరాలి కోసం సీమకు పోనక్కరలేదు. అంబత్తూరులో రైలెక్కితే చేరగలిగినంత దూరంలోనే ఆ విద్య ఉన్నది.

కుటుంబాలవారు గుర్తుంచుకోవలసిన హద్దు ఆరు నెలలు. ఆరు నెలల లోపు బిడ్డకు వచ్చే మధుమేహం, పెద్ద పిల్లలకు వచ్చే మామూలు మధుమేహం కాదు. దాని వెనుక ఒక జన్యువు తప్పు ఉండడమే ఎక్కువ. సుమారు లక్ష జననాలకు ఒకటి చొప్పున వచ్చే అరుదైన జబ్బు గనుక చప్పున తట్టదు. పొత్తిగుడ్డ మాటిమాటికీ తడిసిపోవడం, పాలు బాగా త్రాగుతున్నా తూకం పెరగకపోవడం, వాంతులు, ఆయాసం, మగత, ఇవి కనిపించినప్పుడు ఉబ్బసమనో దిష్టి అనో కాలం గడపకుండా వేలిమీద ఒక్క చుక్క రక్తం తీసి చక్కెర చూపించాలి. మధుమేహమని తేలితే ముందు ఇన్సులిన్ తప్పదు, దానిని ఆపరాదు. ఆ వెంటనే జన్యుపరీక్షకు రక్తం పంపమని అడగాలి. పెద్దవాళ్ళైన తరువాత కూడా ఈ పరీక్ష చేయించి సూది మానినవారున్నారు. ఐతే మెదడు విషయంలో ఆలస్యానికి పరిహారం దొరకడం కష్టం.

మరొకటి చెప్పక తప్పదు. పెద్దమ్మగారు గొంతు తగ్గించి, "మేనరికం చేశాము, అందుకే యిట్లా అయింది అని పాప నాయనమ్మ కోడలిని దెప్పుతున్నది" అన్నారు. పసిపిల్లల మధుమేహంలో మేనరికం వల్ల వచ్చే జాతులు కొన్ని ఉన్నమాట నిజమే. అవి వేరు జన్యువులు, వాటిలో చాలవాటికి ఈ మాత్ర పనిచేయదు. కాని కె.సి.ఎన్.జె. 11 తప్పు చాలవరకు తల్లి నుండీ రాదు, తండ్రి నుండీ రాదు. ఆ బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. గ్రంథం ఎత్తివ్రాసేవాని చేతిలో ఒక అక్షరం జారినట్లు. ఏ జాతిదో పరీక్ష చెప్పాలి గాని, నాయనమ్మగారు కాదు. తల్లి ఇప్పటికే నిద్రలేక నలిగి ఉన్నది.

ఇంతా చదివి ఇంట్లో ఉన్న మాత్రను ఎవరూ పిల్లలకు ప్రయోగించగూడదని వేరే చెప్పాలా? చెబుతున్నాము. తూము సరిగానే ఉన్న బిడ్డ ఈ మాత్ర ఒక్కటి మింగినా ప్రమాదమే. అవసరం లేకుండా ఇన్సులిన్ పారి, రక్తంలో చక్కెర పడిపోయి, ఆకలికి తాళలేని మెదడు మూర్ఛలో పడుతుంది. కొన్ని గంటల తరువాత కూడా అది జరగవచ్చు. కాబట్టి మింగిన అనుమానం ఉంటే బిడ్డ ఆడుకుంటూనే ఉన్నా ఆసుపత్రికి తీసుకుపోవలసిందే. మన ఇళ్ళలో మాత్రల డబ్బా ఉండే చోటు దేవుని గూడో, మంచం పక్క స్టూలో. రెండూ పాకే పిల్లవానికి అందేవే.

పెద్దలకూ ఈ గండం లేకపోలేదు. గ్లిబెన్‌క్లమైడ్ చాలసేపు పనిచేసే మందు. మూత్రపిండాలు బలహీనమైతే ఇంకా ఎక్కువసేపు ఒంట్లో నిలుస్తుంది. అందుకే ముసలివారికి దీనిని తగ్గించి వేరే మందులు వ్రాస్తున్నారు. ఏకాదశి ఉపవాసముండి, కార్తీక సోమవారం నక్షత్రం చూచేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టక, మాత్ర మాత్రం మరువకుండా వేసుకునే అమ్మమ్మలను మేమెరుగుదుము. సాయంత్రానికి చెమటలు పట్టి, మాట తడబడి, మనవని పేరు మరచిపోతే "వయసు వచ్చింది గదా" అనుకుంటాము. అది వయసు కాదు, మెదడుకు చక్కెర అందకపోవడం. తెలివిలో ఉంటే వెంటనే పంచదార నీళ్ళు పట్టించాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయరాదు, ఆసుపత్రికి పరుగెత్తాలి. ఉపవాసానికి ముందే వైద్యునితో మాట్లాడుకుంటే ఆ రోజు మాత్ర సంగతి ఆయనే చెబుతారు.

మేము లేచి వచ్చేటప్పుడు పెద్దమ్మగారు మాత్రల డబ్బాను గూటిలో పెట్టబోయి ఆగి, బీరువా పై అరలో పెట్టి తాళం వేశారు. తరువాత మమ్ములను రెండు వీధుల అవతలనున్న చెల్లెలి ఇంటికి తీసుకువెళ్ళారు. పాప ఉయ్యాలలో నిద్రపోతున్నది. నలుపు చుక్క పెట్టిన బుగ్గ, నూనె రాసిన తల, తొడమీద సూది గుర్తులు. జన్యుపరీక్షకు రక్తం పంపి పన్నెండు రోజులైందని తల్లి చెప్పింది. పుటలు అచ్చుకు పంపే వేళకు ఆమెకు ఫోను చేశాము. ఫలితం ఇంకా రాలేదు. మళ్ళీ ఫిట్సు మాత్రం రాలేదన్నది.